ఐదు వేలలో మూడు వేలు పోతే రెండు వేలు కాదు: సదిశల కూడికతో తెలియని బలాన్ని కనుక్కొనే విధానం

ఎర్రగుంట్ల దగ్గర ఒక నాపరాతి గనిలో పెద్ద బండను తిన్నగా తూర్పు వైపుకు జరపవలసి ఉన్నదనుకుందాము. గరుకు నేల మీద అది కదలాలంటే తూర్పు దిశలో మొత్తం 5000 న్యూటన్ల బలం కావాలి. సరిగ్గా తూర్పున రాతిముక్కల దిబ్బ అడ్డుగా ఉన్నందువల్ల మొదటి ట్రాక్టరును అక్కడ నిలపడం కుదరక, కాస్త ఉత్తరంగా నిలిపారు. దాని మోకు తూర్పు దిశతో 30° కోణం చేస్తూ 3000 న్యూటన్ల బలంతో లాగుతున్నది. రెండవ ట్రాక్టరు ఏ దిశలో, ఎంత బలంతో లాగితే బండ పక్కకు ఒరగకుండా తూర్పుకే కదులుతుంది?

కడపలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఈ లెక్క ఇచ్చిన ప్రతిసారీ తరగతిలో సగం మంది కాగితం మీద పెన్ను పెట్టకముందే "రెండు వేలు సార్" అంటారు. ఐదు వేలలో మూడు వేలు తీసేస్తే రెండు వేలు మిగులుతాయన్నది అంగడి లెక్కకు సరిపోతుంది గానీ మోకుల లెక్కకు సరిపోదు. మొదటి ట్రాక్టరు తన 3000 న్యూటన్లనూ తూర్పుకే వెచ్చించడం లేదు. అందులో కొంత భాగం బండను ఉత్తరానికి ఈడుస్తున్నది. రెండవ ట్రాక్టరు తూర్పున తగ్గిన బలాన్ని పూరించడంతో పాటు, ఉత్తరానికి పోతున్న ఆ లాగుడును రద్దు కూడా చేయాలి. కనుక జవాబు రెండు వేల కన్నా ఎక్కువే ఉంటుందని లెక్క మొదలుపెట్టకముందే చెప్పవచ్చు. ఎంత ఎక్కువ అన్నదే మనం చేయబోయే పని.

బలం సదిశ రాశి, అంటే దానికి పరిమాణమూ దిశా రెండూ ఉంటాయి. రెండు బలాలను కూడాలంటే మొదటి బాణం కొన దగ్గర రెండవ బాణం తోకను ఉంచి, మొదటి తోక నుండి రెండవ కొనకు గీత గీయాలి; ఆ గీతే ఫలిత బలం. రెండు బాణాలనూ ఒకే తోక నుండి గీసి సమాంతర చతుర్భుజాన్ని పూర్తి చేసినా దాని కర్ణంగా ఇదే గీత వస్తుంది. బలాలకు వర్తించే ఈ సమాంతర చతుర్భుజ న్యాయాన్ని న్యూటన్ 1687లో తన చలన నియమాల వెంటనే మొదటి ఉపసిద్ధాంతంగా పేర్కొన్నాడు. మన లెక్కలో ఫలిత బలమూ, ఒక భాగమూ తెలుసు. రెండవ భాగం తెలియదు. కాబట్టి తెలియని బలం = ఫలిత బలం − తెలిసిన బలం. ఇక్కడి తీసివేత అంకెల తీసివేత కాదు, బాణాల తీసివేత అన్న ఒక్క సంగతిని మరవకుండా ఉంటే మిగిలినదంతా ఓపికతో అయ్యే పనే.

మొదటి మెట్టు: బొమ్మ గీయడం

బొమ్మ లేకుండా ఈ లెక్కను మొదలుపెట్టవద్దు. బండను ఒక చుక్కగా చూపండి. ఆ చుక్క నుండి కుడివైపుకు తూర్పు అక్షాన్నీ, పైకి ఉత్తర అక్షాన్నీ గీయండి. 3000 న్యూటన్ల బాణాన్ని తూర్పు అక్షానికి 30° పైన, 5000 న్యూటన్ల ఫలిత బాణాన్ని తూర్పు అక్షం మీదనే గీయండి. ఫలిత బాణాన్ని వేరే రంగుతో గానీ చుక్కల గీతతో గానీ చూపడం మంచిది. బండ మీద నిజంగా పనిచేస్తున్నవి రెండు మోకులే గానీ, ఫలితం మూడవ మోకు కాదు. స్వేచ్ఛా వస్తు పటంలో (వస్తువు మీద పనిచేసే బలాలను మాత్రమే చూపే బొమ్మలో) ఫలితాన్ని కూడా ఒక బలంగా లెక్కించి, దానిని మళ్లీ కూడి, చివరకు జవాబు రెట్టింపయిందని వచ్చి చూపించిన విద్యార్థులు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు 3000 బాణం కొన నుండి 5000 బాణం కొనకు గీత గీస్తే తెలియని బలం అక్కడే కనబడుతుంది. ఆ గీత కుడివైపుకు, కిందికి దిగుతున్నది. అంటే రెండవ ట్రాక్టరు తూర్పుకు కొంత దక్షిణంగా నిలవాలి. ఇంకా ఒక్క సంఖ్యను కూడా గుణించలేదు, అయినా దిశ ఎటువైపో తెలిసిపోయింది.

స్కేలుతోనూ కోణమానినితోనూ కొలిచి గీస్తే ఇంకా మేలు. ఒక సెంటీమీటరుకు 500 న్యూటన్ల చొప్పున తీసుకుంటే ఫలితం 10 సెంటీమీటర్లు, తెలిసిన బలం 6 సెంటీమీటర్లు అవుతాయి. మూడవ భుజాన్ని కొలిస్తే 5.6, 5.7 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. అంటే సుమారు 2800 న్యూటన్లు. గ్రాఫు పద్ధతిని పరీక్ష కోసం నేర్చుకొని ఆ తరువాత మరచిపోయేవారే ఎక్కువ. నా దృష్టిలో మాత్రం లెక్కను సరిచూసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన సాధనం లేదు.

రెండవ మెట్టు: కోణాలన్నిటినీ ఒకే గీత నుండి కొలవడం

"ఉత్తరానికి 20° తూర్పుగా", "తూర్పుకు 20° ఉత్తరంగా" అన్నవి వేర్వేరు దిశలు. మొదటిది తూర్పు అక్షం నుండి 70°, రెండవది 20°. లెక్కలో దిశలను ఏ విధంగా చెప్పినా, వాటన్నిటినీ తూర్పు అక్షం నుండి అపసవ్య దిశలో కొలిచిన కోణాలుగా మార్చుకుంటే తరువాత గుర్తుల బాధ ఉండదు. తూర్పు 0°, ఉత్తరం 90°, పడమర 180°, దక్షిణం 270°. మన లెక్కలో తెలిసిన బలం 30° వద్ద, ఫలితం 0° వద్ద ఉన్నాయి.

మూడవ మెట్టు: అంశాలుగా విడదీయడం

ఒక బలాన్ని ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు ముక్కలుగా చేయడాన్ని విచ్ఛేదనం అంటారు, ఆ ముక్కలే అంశాలు. అక్షంతో కోణం చేస్తున్న బాణాన్ని కర్ణంగా తీసుకుంటే, కోణాన్ని ఆనుకొని ఉన్న భుజానికి కొసైన్, కోణానికి ఎదురుగా ఉన్న భుజానికి సైన్ వస్తాయి. ఈ సైన్ అన్న మాట మనకు పరాయిది కాదు. ఆర్యభటుడు 499 ప్రాంతంలో అర్ధజ్యల పట్టికను శ్లోకంలో ఇమిడ్చాడు. వింటి నారి అని అర్థమిచ్చే ఆ 'జ్యా' అరబ్బీలోకి వెళ్లి, అక్కడ మరొక మాటగా పొరబడి, లాటిన్‌లో సైనస్‌గా మారి, చివరకు సైన్ అయి మన పాఠ్యపుస్తకాలకు తిరిగి వచ్చింది.

తెలిసిన బలానికి తూర్పు అంశం = 3000 × కొసైన్ 30° = 3000 × 0.8660 = 2598 న్యూటన్లు.
ఉత్తర అంశం = 3000 × సైన్ 30° = 3000 × 0.5 = 1500 న్యూటన్లు.
ఫలిత బలానికి తూర్పు అంశం 5000, ఉత్తర అంశం 0.

"తూర్పుకు కొసైన్, ఉత్తరానికి సైన్" అని బట్టీ పట్టవద్దు. కోణాన్ని ఉత్తర అక్షం నుండి ఇచ్చినప్పుడు అవి తారుమారవుతాయి. అనుమానం వచ్చినప్పుడు కోణాన్ని సున్నా చేసి చూడండి. కోణం సున్నా అయితే మోకు అక్షం మీదకే వస్తుంది. అప్పుడు బలమంతా ఆ అక్షం వెంబడే ఉండాలి. సున్నా డిగ్రీల వద్ద 1 అయ్యేది కొసైన్ కనుక ఆ అక్షానికి కొసైనే సరైనది. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పిన తరువాత కూడా వాలు తలం లెక్క దగ్గర మనసులో ఈ పరీక్షను ఒకసారి చేసుకుంటూనే ఉంటాను.

నాలుగవ మెట్టు: అంశాలను విడివిడిగా తీసివేయడం

తెలియని బలానికి తూర్పు అంశం = 5000 − 2598 = 2402 న్యూటన్లు.
ఉత్తర అంశం = 0 − 1500 = −1500 న్యూటన్లు.

రుణ గుర్తు అంటే ఆ అంశం దక్షిణానికి ఉన్నదని అర్థం. ఆ గుర్తును ఇక్కడే కొట్టివేసి ముందుకు పోతే రెండవ ట్రాక్టరు కూడా ఉత్తరాన నిలబడుతుంది, బండ దిబ్బను దాటి పక్క గుంతలో పడుతుంది.

ఐదవ మెట్టు: ముక్కలను మళ్లీ ఒకటి చేయడం

రెండు అంశాలూ లంబంగా ఉన్నాయి కనుక పైథాగరస్ సిద్ధాంతం చాలు. పరిమాణం = √(2402² + 1500²) = √8019604, అంటే సుమారు 2832 న్యూటన్లు. దిశకు టాన్జెంటును వాడాలి: 1500 ÷ 2402 = 0.6245; ఆ విలువ గల కోణం సుమారు 32°. బొమ్మలో బాణం కుడివైపుకు, కిందికి ఉన్నందువల్ల రెండవ ట్రాక్టరు తూర్పుకు 32° దక్షిణంగా నిలిచి 2832 న్యూటన్ల బలంతో లాగాలి.

క్యాలిక్యులేటరు విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, అది డిగ్రీలలో ఉన్నదో రేడియన్లలో ఉన్నదో సైన్ 30 నొక్కి చూసుకోవాలి. 0.5 వస్తే సరే, −0.988 వచ్చిందంటే అది రేడియన్లలో ఉన్నట్లు. రెండవది ఇంకా మోసకరమైనది. టాన్జెంటు నుండి వెనక్కి కోణాన్ని అడిగినప్పుడు ఆ యంత్రం ఎప్పుడూ −90° నుండి 90° లోపలి కోణాన్నే ఇస్తుంది. తూర్పు అంశం రుణాత్మకమైతే, అంటే బాణం ఎడమవైపుకు ఉంటే, వచ్చిన కోణానికి 180° కలపాలి. ఈ సంగతి యంత్రానికి తెలియదు, బొమ్మకు తెలుసు. ఈఏపీసెట్ వంటి, క్యాలిక్యులేటరును అనుమతించని ప్రవేశ పరీక్షలలో కోణాలు ఎక్కువగా 30°, 45°, 60° ఉంటాయి కనుక √3ను 1.732గా, √2ను 1.414గా గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. మధ్యలో అంకెలను కుదించవద్దు. చివర ఒక్కసారి కుదించండి.

అదే లెక్క, త్రిభుజం దారిలో

అంశాల పద్ధతి ఎన్ని బలాలకైనా పనిచేస్తుంది. రెండే బలాలు, ఒక ఫలితం ఉన్నప్పుడు మాత్రం త్రిభుజం నేరుగా జవాబుకు చేరుస్తుంది. త్రిభుజంలో రెండు భుజాలు 5000, 3000. వాటి మధ్య కోణం 30°. మూడవ భుజానికి కొసైన్ సూత్రం ఇలా ఉంటుంది:

మూడవ భుజం వర్గం = 5000² + 3000² − 2 × 5000 × 3000 × కొసైన్ 30° = 34000000 − 25980762 = 8019238.

దీని వర్గమూలం కూడా సుమారు 2832. రెండు దారులూ ఒకచోటే కలిశాయి. ఇక్కడ మధ్యలో ఉన్నది రుణ గుర్తు అని గమనించండి. పాఠ్యపుస్తకంలో ఫలిత బలానికి ఇచ్చే సూత్రంలో ధన గుర్తు ఉంటుంది, ఎందుకంటే అందులోని కోణం రెండు బాణాల తోకల మధ్య కోణం. ఫలితం దానికి సమాంతర చతుర్భుజపు కర్ణం. ఇక్కడ మనం వెతుకుతున్నది త్రిభుజంలో 30° కోణానికి ఎదురుగా ఉన్న భుజం. ఏ గుర్తు ఎక్కడ అన్నది సూత్రాన్ని చూసి కాకుండా బొమ్మను చూసి నిర్ణయించుకోవాలి.

దిశను సైన్ సూత్రం ఇస్తుంది. 3000 భుజానికి ఎదురుగా ఉన్న కోణపు సైన్ = 3000 × 0.5 ÷ 2832 = 0.5297; కోణం 32°. ఇంతవరకు సరిగానే ఉన్నది. ఇదే సైన్ సూత్రంతో 5000 భుజానికి ఎదుటి కోణాన్ని కనుక్కొందామనుకుంటే గొయ్యిలో పడతాము. 5000 × 0.5 ÷ 2832 = 0.8828, దీనికి యంత్రం 62° ఇస్తుంది. మూడు కోణాలను కూడితే 30 + 32 + 62 = 124 మాత్రమే వస్తుంది, త్రిభుజం ముగియదు. అసలు కోణం 118°. సైన్ 62°, సైన్ 118° రెండూ ఒకటే కావడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది. అందుకని సైన్ సూత్రాన్ని ఎప్పుడూ చిన్న భుజాలకు ఎదుటి కోణాల మీదనే వాడి, పెద్ద కోణాన్ని 180° నుండి తీసివేసి తెచ్చుకోవాలి.

ఎన్ని తెలియనివి ఉండవచ్చు?

ఒక తలంలో ఉన్న బలాల లెక్కలో తూర్పుకు ఒక సమీకరణం, ఉత్తరానికి ఒక సమీకరణం, అంతే. కాబట్టి రెండు తెలియని విషయాలను మాత్రమే కనుక్కోగలం. పైన చేసిన దానిలో ఒకే బలం యొక్క పరిమాణమూ దిశా తెలియవు. మరొక రకంలో రెండు దిశలూ తెలిసి, రెండు పరిమాణాలూ తెలియవు. ఉదాహరణకు మొదటి మోకు 30° ఉత్తరంగా, రెండవది స్థలాన్ని బట్టి తప్పనిసరిగా 40° దక్షిణంగా ఉండవలసి వస్తే, సైన్ సూత్రం ప్రకారం మొదటి దానిలో 5000 × సైన్ 40° ÷ సైన్ 110° = 3420 న్యూటన్లు, రెండవ దానిలో 5000 × సైన్ 30° ÷ సైన్ 110° = 2660 న్యూటన్లు కావాలి. రెండింటి తూర్పు అంశాలు 2962, 2038, మొత్తం 5000.

ఇక్కడ ఒక విషయం గమనించదగ్గది. రెండు మోకులూ కలిసి 6080 న్యూటన్ల మేరకు శ్రమిస్తే బండకు అందింది 5000 మాత్రమే. మన రాయలసీమ తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు ఎద్దుల జతను ఒకే కాడికి కట్టి, బండను ఆ కాడికి తిన్నగా వెనుక ఉంచడం ఊరికే కాదు. రెండు ఎద్దులను రెండు వేర్వేరు మోకులతో చీలిన దిశలలో తోలితే, వాటి బలంలో కొంత ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడానికే సరిపోతుంది.

అన్నిటికన్నా చిక్కైన రకం మరొకటి ఉన్నది. మొదటి బలం 3000, దిశ 30° ఉత్తరం. ఫలితం తూర్పుకే ఉండాలి, ఎంతైనా సరే. రెండవ బలం పరిమాణం 2000 అని తెలుసు, దిశ తెలియదు. రెండవ బలం ఉత్తరపు 1500ను రద్దు చేయాలి కనుక తూర్పు గీతతో దాని కోణపు సైన్ 1500 ÷ 2000 = 0.75. దీనికి 48.6°, 131.4° అన్న రెండు కోణాలూ సరిపోతాయి, రెండూ నిజమైన జవాబులే. మొదటి దానితో ఫలితం 2598 + 1323 = 3921 న్యూటన్లు; రెండవ దానిలో ట్రాక్టరు వెనక్కి లాగుతుంది కనుక 2598 − 1323 = 1275 న్యూటన్లు. రెండవ బలం సరిగ్గా 1500 అయితే ఒకే జవాబు ఉంటుంది, అది నేరుగా దక్షిణానికి. 1500 కన్నా తక్కువైతే జవాబే లేదు. బండను తూర్పు దారిలో ఉంచడానికి కావలసిన కనిష్ఠ బలం ఎంత అని పరీక్షలో అడిగితే జవాబు ఇదే: ఫలితానికి లంబంగా 1500 న్యూటన్లు.

నిశ్చలంగా ఉన్న వస్తువు మీద తెలియని బలం

వస్తువు కదలకుండా ఉంటే ఫలితం సున్నా. అప్పుడు తెలియని బలం, మిగిలిన బలాల ఫలితానికి సమానంగా, సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంటుంది. దీనిని సంతులన బలం అనవచ్చు. ఫలితం అడిగితే సంతులన బలాన్నీ, సంతులన బలం అడిగితే ఫలితాన్నీ రాయడం మార్కులు పోగొట్టుకొనే సులభమైన మార్గం.

నలభై కిలోల శనక్కాయల మూట ఒకటి దూలానికి రెండు తాళ్లతో వేలాడుతున్నదనుకోండి. (కర్నూలు వైపు వీటినే బుడ్డలంటారు, బరువులో తేడా ఉండదు.) ఎడమ తాడు క్షితిజ సమాంతర రేఖతో 35°, కుడి తాడు 50° చేస్తున్నాయి. కిలోకు 9.8 న్యూటన్ల చొప్పున మూట భారం 40 × 9.8 = 392 న్యూటన్లు, కిందికి. ఒకే బిందువు వద్ద మూడు బలాలు సమతాస్థితిలో ఉన్నప్పుడు ప్రతి బలమూ మిగిలిన రెండింటి మధ్య కోణపు సైన్‌కు అనులోమానుపాతంలో ఉంటుందని లామీ సిద్ధాంతం చెబుతుంది. రెండు తాళ్ల మధ్య కోణం 95°. కుడి తాడుకూ భారానికీ మధ్య 140°. ఎడమ తాడుకూ భారానికీ మధ్య 125°. మూడింటినీ కూడితే 360° రావాలి, వచ్చింది.

ఎడమ తాడు తన్యత (తాడు లాగే బలం) = 392 × సైన్ 140° ÷ సైన్ 95° = 253 న్యూటన్లు.
కుడి తాడు తన్యత = 392 × సైన్ 125° ÷ సైన్ 95° = 322 న్యూటన్లు.

రెండింటి మొత్తం 575. మూట భారం 392 అయినప్పుడు ఇది ఎలా అని అడగండి. ఎడమ తాడు ఎడమకు 207, కుడి తాడు కుడికి 207 న్యూటన్లతో లాగుతూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటున్నాయి. నిలువు అంశాలు 145, 247. మొత్తం సరిగ్గా 392. ఎక్కువ నిటారుగా ఉన్న తాడే ఎక్కువ భారం మోస్తున్నదని కూడా ఇక్కడ కనబడుతుంది.

తాడు ఎంత బిగుతుగా అడ్డంగా ఉంటే అంత ప్రమాదం. పది కిలోల తడిబట్టలను, అంటే 98 న్యూటన్ల భారాన్ని, నడిమధ్యలో తగిలిస్తే, రెండు వైపులా తాడు అడ్డగీతతో 30° చేసినప్పుడు తన్యత సరిగ్గా 98 న్యూటన్లు. 5° అయితే 49 ÷ సైన్ 5° = 562. ఒక్క డిగ్రీయే అయితే 2800 దాటుతుంది. దండెం కట్టేటప్పుడు మా పెద్దలు "మరీ బిగించొద్దప్పా, తెగుతాది" అనేది ఈ సైన్ విలువను అనుభవంలో కొలిచే. స్తంభాల మధ్య కరెంటు తీగలను కొంత జారుగా వదిలేయడానికి ఉన్న కారణాలలో ఇది కూడా ఒకటి.

ప్రయోగశాలలో ఒక రాతిముక్క భారం

కాగితం మీద నేర్చుకొన్నదానిని చేతితో చేసి చూడడానికి నిలువు బల్ల, రెండు కప్పీలు, దారం, తూకపు బిళ్లలు చాలు. రెండు కప్పీల మీదుగా వెళ్లే దారానికి చివర్లలో తెలిసిన బరువులు, నడుమ ముడి వద్ద తెలియని రాతిముక్క కట్టాలి. ముడి నిలకడకు వచ్చిన తరువాత దారాల వెనుక చిన్న అద్దం పట్టీని ఉంచి, దారమూ దాని ప్రతిబింబమూ ఒకదాని మీద ఒకటి పడేలా చూసి కాగితం మీద చుక్కలు పెట్టాలి. ఇలా చేస్తే పక్కనుండి చూడడం వల్ల వచ్చే దోషం పోతుంది. కప్పీలలో ఘర్షణ ఉంటే ముడి ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది. అందుకని ముడిని కొద్దిగా కదిలించి వదిలి, ప్రతిసారీ అదే చోటికి వస్తున్నదో లేదో పరిశీలించాలి. దీనికి ఓపిక లేనివారి లెక్కలు ఎంత చక్కగా ఉన్నా విలువలు తప్పుతాయి.

ఒక చివర 250 గ్రాములు, మరొక చివర 300 గ్రాములు ఉండి, దారాల మధ్య కోణం 75° వచ్చిందనుకుందాము. ఇక్కడ కోణం రెండు తోకల మధ్యది కనుక ధన గుర్తు వాడాలి. 250² + 300² + 2 × 250 × 300 × కొసైన్ 75° = 152500 + 38823 = 191323; వర్గమూలం 437. రాతిముక్క సుమారు 437 గ్రాములు. కోణాన్ని 77°గా పొరపాటున చదివితే 432 వచ్చేది. రెండు డిగ్రీల తప్పుకు దాదాపు ఆరు గ్రాముల తేడా అన్నమాట. కాబట్టి జవాబును 437.41 అని రాయడంలో అర్థం లేదు.

వాలు మీద

లారీలోకి బండను ఎక్కించే పలక వంటి వాలు మీద తూర్పు, ఉత్తరాలను మరచిపోయి, వాలు వెంబడి ఒక అక్షాన్ని, దానికి లంబంగా మరొక అక్షాన్ని తీసుకుంటే పని సగం తగ్గుతుంది. 1.2 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న కడప బండ, ఘనపు మీటరుకు 2600 కిలోల లెక్కన సుమారు 75 కిలోలు తూగుతుంది. భారం 735 న్యూటన్లు. పలక వాలు 25° అయితే వాలు వెంబడి కిందికి 735 × సైన్ 25° = 311, పలకను నొక్కేది 735 × కొసైన్ 25° = 666 న్యూటన్లు. ఘర్షణ గుణకాన్ని, అంటే ఘర్షణకూ నొక్కే బలానికీ ఉన్న నిష్పత్తిని, 0.4 అనుకుంటే ఘర్షణ 266. బండను పైకి మెల్లగా లాగడానికి వాలు వెంబడి 577 న్యూటన్లు కావాలి. ఘర్షణ లేని వాలు మీద కావలసిన బలాన్ని 1586లో ఫ్లెమిష్ గణితవేత్త సైమన్ స్టెవిన్ ఒక త్రిభుజం చుట్టూ పద్నాలుగు గుండ్ల దండను వేసి, అది తనంతట తాను తిరుగుతూ ఉండడం అసంభవం కదా అన్న ఒక్క ఆలోచనతో రాబట్టాడు. సైన్ పట్టిక అవసరం లేని ఆ వాదన నాకు ఇప్పటికీ ఇష్టమైనది.

కాలువలో పడవ లెక్క కూడా ఇటువంటిదే. సుంకేసుల నుండి కడప వరకు 19వ శతాబ్దంలో తవ్విన కె.సి. (కర్నూలు–కడప) కాలువను సాగుతో పాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించారు. గట్టు మీద నడిచేవారు కాలువతో 20° కోణం చేసే తాడును 400 న్యూటన్లతో లాగితే, పడవను ముందుకు నడిపేది 376 న్యూటన్లు. గట్టువైపుకు ఈడ్చేది 137. ఆ 137ను చుక్కాని ద్వారా నీరు వ్యతిరేక దిశలో ఇవ్వాలి, లేకపోతే పడవ గట్టును ఒరుసుకుంటుంది. తాడును పొడుగు చేస్తే కోణం తగ్గి, చుక్కాని మీద పని తేలికవుతుంది.

మీరు చేయవలసిన లెక్క

ఒక ఇనుప రింగుకు నాలుగు తాళ్లు కట్టారు. మొదటిది 0° వద్ద 80, రెండవది 120° వద్ద 60, మూడవది 210° వద్ద 50 న్యూటన్లతో లాగుతున్నాయి. రింగు కదలడం లేదు. నాలుగవ తాడు ఎంత బలంతో, ఎటు లాగుతున్నది? ముందు బొమ్మ గీసి, మీ అంచనాను పక్కన రాసుకొన్న తరువాతే కింది జవాబును చూడండి.

తూర్పు అంశాలు 80, −30, −43.3; మొత్తం 6.7. ఉత్తర అంశాలు 0, 51.96, −25, మొత్తం 26.96. మూడింటి ఫలితం 27.8 న్యూటన్లు, 76° వద్ద. నాలుగవ తాడు దీనికి ఎదురుగా లాగాలి కనుక దాని అంశాలు −6.7, −26.96. వీటి నిష్పత్తిని క్యాలిక్యులేటరులో వేస్తే రెండు రుణ గుర్తులూ రద్దయి మళ్లీ 76° అనే చూపిస్తుంది. బొమ్మలో బాణం ఎడమకు, కిందికి ఉన్నది కనుక 180° కలిపి 256° అని రాయాలి. అంటే దక్షిణానికి 14° పడమరగా, 27.8 న్యూటన్లు.